ఎల్‌ అండ్‌ టీ నాయక్‌ పని గంటలూ, వాటాల లెక్కా

సంపాదకులు గారికి,

ఇంజినీరింగు, నిర్మాణ కంపెనీ ఎల్‌ అండ్‌ టీ మాజీ ఛైర్మన్‌ అనిల్‌ మణిభాయ్‌ నాయక్‌ గారి గురించి మీ వాణిజ్య పుటలో వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది. 58 ఏళ్లు ఒకటే కంపెనీ, రోజుకి పదిహేను గంటల పని, సెలవు పెట్టని మనిషి. వ్యాసమంతా ఈ మూడు ముక్కల చుట్టూనే తిరిగింది. వారానికి 90 గంటల పని అంటూ 2025 జనవరిలో ఆయన వారసుడు సుబ్రహ్మణ్యన్‌ గారు నోరు జారి దుమారం రేపినప్పటి నుంచీ ఆ కంపెనీ పేరెత్తితే గంటల గురించి రాయడం పత్రికలకి పరిపాటైపోయింది. గంటలు చాలామందే పనిచేస్తారు. నాయక్‌ గారి ఉద్యోగ జీవితంలో అసలు విశేషం వేరే ఉంది. సొంతదారంటూ ఎవరూ లేని కంపెనీని, దాన్ని చేజిక్కించుకోవాలని వచ్చిన పెద్ద వ్యాపార కుటుంబాలకి దక్కకుండా వాటాల లెక్కతో నిలబెట్టారు. ఆ లెక్క ఏమిటో మీ వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు.

ముందు మనిషి గురించి క్లుప్తంగా. 1942 జూన్‌ 9న గుజరాత్‌లో పుట్టారు, ఉపాధ్యాయుల కుటుంబం. వల్లభ్‌ విద్యానగర్‌లోని బిర్లా విశ్వకర్మ మహావిద్యాలయలో మెకానికల్‌ ఇంజినీరింగ్‌ చదివారు. 1965 మార్చిలో జూనియర్‌ ఇంజినీరుగా ఎల్‌ అండ్‌ టీలో చేరారు. 1986లో జనరల్‌ మేనేజరు, 1989 నవంబరులో బోర్డు సభ్యుడు, 1999 ఏప్రిల్‌లో సీఈఓ, 2003 డిసెంబరులో ఛైర్మన్‌. 2009లో పద్మభూషణ్‌, 2019లో పద్మవిభూషణ్‌. 2017లో ‘రిటైరయ్యారు’ అని మీరు రాసింది సగమే నిజం. ఆ ఏడు సెప్టెంబరు 30న కార్యనిర్వాహక బాధ్యతలు మాత్రమే వదిలారు. నాన్‌ ఎగ్జిక్యూటివ్‌ ఛైర్మన్‌గా 2023 సెప్టెంబరు 30 దాకా కుర్చీలోనే ఉన్నారు. ఆ ఆరేళ్లూ లెక్కలోకి తీసుకోకపోతే మైండ్‌ట్రీ అనే ఐటీ కంపెనీని కొన్న కథ అర్థం కాదు.

ఎల్‌ అండ్‌ టీని 1938లో బొంబాయిలో ఇద్దరు డెన్మార్క్‌ ఇంజినీర్లు, హోల్క్‌ లార్సెన్‌, టూబ్రో పెట్టారు. వాళ్ల వారసులెవరూ కంపెనీని పట్టుకు కూర్చోలేదు. వాటాలు ఎల్‌ఐసీ, యూటీఐ లాంటి ప్రభుత్వ ఆర్థిక సంస్థల దగ్గరా లక్షలాది చిన్న మదుపరుల దగ్గరా చెల్లాచెదురుగా ఉండిపోయాయి. ఇలాంటి కంపెనీని పట్టుకోవడానికి సగం వాటా అక్కర్లేదు. పది, పదిహేను శాతం ఒక్క చేతిలో పడితే, మిగతావాళ్లు ఊరుకుంటే చాలు. 1989 ఏప్రిల్‌లో ధీరూభాయ్‌ అంబానీ ఛైర్మన్‌ అయింది ఆ దారిలోనే. ఢిల్లీలో ప్రభుత్వం మారాక 1990లో ఆయన దిగిపోయారు గానీ, రిలయన్స్‌ వాటా మాత్రం కదల్లేదు. తలుపు పక్కనే పెట్టిన చెప్పుల్లాగా పదేళ్లకి పైగా అలాగే ఉంది.

2001 నవంబరులో రిలయన్స్‌ ఆ 10.05 శాతాన్నీ ఆదిత్య బిర్లా గ్రూపు వాళ్ల గ్రాసిమ్‌కి షేరు 306 రూపాయల 60 పైసల చొప్పున అమ్మింది. మార్కెట్‌ ధర కంటే అది చాలా ఎక్కువ. నాయక్‌ గారు సీఈఓ అయ్యి అప్పటికి రెండున్నరేళ్లే. బిర్లాలకి కావాల్సింది ఎల్‌ అండ్‌ టీ సిమెంటు వ్యాపారం. అవార్‌పూర్‌, హిర్మి, గుజరాత్‌ తీరంలోని ఫ్యాక్టరీలు, మన తాడిపత్రి దగ్గర భోగసముద్రం ఫ్యాక్టరీ అన్నీ కలిపితే దేశంలో పెద్ద సిమెంటు కంపెనీల్లో ఒకటి.

ఇక్కడ అప్పటి చట్టం తెలియాలి. 15 శాతం దాటితే మిగతా వాటాదారుల దగ్గర మరో 20 శాతం కొంటామని ఓపెన్‌ ఆఫర్‌ ఇవ్వాలి. 2011 నుంచి ఆ అంకెలు 25, 26 అయ్యాయి. గ్రాసిమ్‌ మార్కెట్లో కొంచెం కొంచెం కొంటూ 15 శాతం గీత దాకా వచ్చి ఆగింది. 2002 అక్టోబరులో 20 శాతానికి ఆఫర్‌ ప్రకటించింది. షేరుకి 190 రూపాయలు! రిలయన్స్‌కి 306, మామూలు వాటాదారుకి 190. స్టాక్‌ మార్కెట్‌ నియంత్రణ సంస్థ సెబీ మధ్యలో ఆపించింది, విచారించింది, తర్వాత ఏడాది వదిలిపెట్టింది. నాయక్‌ గారికి కలిసొచ్చింది ఈ ధరల తేడానే. ఆర్థిక సంస్థలు గానీ, చిన్న మదుపరులు గానీ 190కి ఉరుకులు పెట్టి అమ్ముకునే పరిస్థితి లేదు.

అలాగని గ్రాసిమ్‌ని గెంటెయ్యడమూ కుదరదు. సిమెంటు విభాగాన్ని వేరుచేసే ఏ పథకానికైనా కోర్టు పిలిచిన సమావేశంలో, ఓటేసిన వాటాల విలువలో నాలుగింట మూడొంతుల మద్దతు కావాలి. అంటే పావు వంతు కంటే ఎక్కువ అడ్డుపడితే పథకం పోతుంది. సమావేశంలో 60 శాతం లోపు వాటాలే ఓటు వేశాయనుకోండి, మొత్తం మీద 15 శాతం ఉన్నవాడు ఒక్కడే ఆపగలడు. బిర్లాలు కంపెనీని మింగలేరు, నాయక్‌ గారు బిర్లాలని వదిలించుకోలేరు. ఎవరి చేతిలోనూ పూర్తి బలం లేదు గనకే 2003 జూన్‌లో ఒప్పందం కుదిరింది.

ఒప్పందం ఇలా సాగింది. సిమెంటు వ్యాపారాన్ని విడదీసి వేరే కంపెనీకి ఇచ్చారు. అదే నేటి అల్ట్రాటెక్‌. అందులో 80 శాతం ఎల్‌ అండ్‌ టీ వాటాదారులకి నేరుగా, 20 శాతం ఎల్‌ అండ్‌ టీకి. ఆ 20లోంచి 8.5 శాతం గ్రాసిమ్‌ కొంది, ఇంకో 30 శాతానికి ఓపెన్‌ ఆఫర్‌ ఇచ్చి సిమెంటు కంపెనీని తన చేతిలోకి తెచ్చుకుంది. బదులుగా, సిమెంటు పోగా మిగిలిన ఎల్‌ అండ్‌ టీలో తనకున్న సుమారు 15 శాతాన్ని వదులుకుంది. ఆ వాటా ఏ పెట్టుబడిదారుడికీ పోలేదు, ఉద్యోగుల ట్రస్టుకి వెళ్లింది. బొంబాయి హైకోర్టు ఆమోదంతో 2004 మేలో పథకం అమల్లోకి వచ్చింది. తాడిపత్రి ఫ్యాక్టరీ గేటు మీద పేరు మారింది అందుకే.

సిమెంటుని పోగొట్టుకున్నారని అప్పట్లో విమర్శలొచ్చాయి. లెక్క చూస్తే విమర్శ నిలబడదు. సిమెంటు వ్యాపారానికి పెట్టుబడి పెద్దది, ధరలు ఏటా ఆటుపోట్లు. ఆ బరువు దిగాక ఇంజినీరింగు, నిర్మాణం, చమురు రంగం పరికరాలు, రక్షణ రంగం మీదకి డబ్బు మళ్లింది. 2016-17 నాటికి గ్రూపు ఆదాయం 1.10 లక్షల కోట్లు, ఆయన పూర్తిగా తప్పుకున్న ఏడాదికి ముందు 2022-23లో 1.83 లక్షల కోట్లు.

మీ పాఠకుల్లో కొందరికి పనికొచ్చే మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. 2004కి ముందు నాటి 10 రూపాయల ముఖ విలువ గల ఎల్‌ అండ్‌ టీ కాగితం సర్టిఫికెట్లు మన వైపు చాలా ఇళ్లలో బీరువా అడుగున ఇంకా ఉన్నాయి. ఆ కాగితం ఇప్పుడు చెల్లదు, హక్కు మాత్రం పోలేదు. పాత షేర్లు పది ఉంటే, విభజనలో వాటికి 2 రూపాయల ముఖ విలువ గల ఎల్‌ అండ్‌ టీ షేర్లు ఐదు, అల్ట్రాటెక్‌ షేర్లు నాలుగు వచ్చాయి. తర్వాత 2006లోనూ 2008లోనూ ఒకటికి ఒకటి బోనస్‌, 2013లోనూ 2017లోనూ రెండుకి ఒకటి. ఆ ఐదు పదై, ఇరవై అయి, ముప్పై అయి, 45 అయ్యాయి. వరసగా ఏడేళ్లు డివిడెండు ఎవరూ తీసుకోకపోతే షేర్లు కేంద్ర ప్రభుత్వపు మదుపరుల రక్షణ నిధికి (ఐఈపీఎఫ్‌) వెళ్లిపోతాయి. వెనక్కి తెచ్చుకోవాలంటే ముందు కంపెనీ రిజిస్ట్రారు దగ్గర కేవైసీ సరిచేయించుకోవాలి. ఎల్‌ అండ్‌ టీకి ఆ రిజిస్ట్రారు హైదరాబాదులోనే ఉన్న కేఫిన్‌ టెక్నాలజీస్‌. కేవైసీ వివరాల ఫారం ఐఎస్‌ఆర్‌-1, బ్యాంకు మేనేజరు సంతకంతో ఐఎస్‌ఆర్‌-2, నామినేషను ఫారం ఇచ్చాక, కంపెనీ ఇచ్చే అర్హత లేఖ తెచ్చుకుని, షేర్లు వెనక్కి కోరే ఐఈపీఎఫ్‌-5 ఫారం దాఖలు చేయాలి. అల్ట్రాటెక్‌ వాటాకి విడిగా మళ్లీ ఇదంతా చేయాలి, చాలామంది ఆ నాలుగు షేర్ల సంగతే మర్చిపోతారు. ఎక్కువ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. సర్టిఫికెట్టు మీద ఇంటిపేరు పొడి అక్షరం, పాన్‌ కార్డులో పూర్తి ఇంటిపేరు చివర, ఆధార్‌లో మొదట! ముందే అఫిడవిట్‌ రాయించి పెట్టుకుంటే రెండు మూడు నెలలు కలిసొస్తాయి. కాగితం షేర్లని 2019 ఏప్రిల్‌ నుంచి బదిలీ చేయడం కుదరదు గనక డీమ్యాట్‌ ఖాతా తప్పనిసరి. అమ్మేటప్పుడు పన్ను లెక్కకి పాత ఖరీదు కాగితాలు వెతుక్కోనవసరం లేదు, చాలా సందర్భాల్లో 2018 జనవరి 31 నాటి ధరే ఆధారమవుతుంది.

మళ్లీ ట్రస్టు దగ్గరికి వద్దాం. ఉద్యోగుల ట్రస్టు అనగానే ఉద్యోగులందరికీ షేర్లు పంచారని అనుకుంటారు. ఇది అలాంటిది కాదు, ఉద్యోగులకి షేర్లిచ్చే ఈసాప్‌ పథకం వేరు. ట్రస్టు షేర్లు ట్రస్టు పేరు మీదే ఉంటాయి, వచ్చిన డివిడెండు ఉద్యోగుల సంక్షేమానికి పోతుంది, ఓటు ట్రస్టీలు వేస్తారు. మూడు నెలలకోసారి ఎక్స్ఛేంజీకి ఇచ్చే వాటాల పట్టిక తెరిస్తే ప్రమోటరు (అంటే సొంతదారు) గడిలో సున్నా ఉంటుంది, కింద ఎల్‌ అండ్‌ టీ ఎంప్లాయీస్‌ ట్రస్ట్‌ పేరున సుమారు 14 శాతం, ఎల్‌ఐసీది ఇంకో పెద్ద ముక్క. 55 శాతం వాటాలే ఓటు వేసిన సమావేశంలో 13.75 శాతం దాటి వ్యతిరేకిస్తే, నాలుగింట మూడొంతుల ఓట్లు కావాల్సిన ప్రత్యేక తీర్మానం ఆగిపోతుంది. అంటే ట్రస్టు ఒక్కటే చాలు. 70 శాతం వేస్తే 17.5 దాటాలి, అప్పుడు ఎల్‌ఐసీ తోడుండాలి. బయటివాడు 20 శాతం కొనుక్కొచ్చినా కంపెనీని తన మాట వినేలా చేసుకోలేడు. నాయక్‌ గారు చేసిన పనులన్నిటిలోకీ పెద్దది ఇదేనని నా అభిప్రాయం.

ఇందులో లొసుగూ ఉంది. బయటి దొంగకి వేసిన తాళం లోపలి పెద్దమనిషికీ రక్షణే. ట్రస్టీలు ఎవరు, వాళ్లని ఎవరు నియమిస్తారు, ఏ తీర్మానానికి ఎటు ఓటేశారు అన్నది మామూలు వాటాదారుకి తెలిసే దారి లేదు. నాయక్‌ గారికి 65 ఏళ్లప్పుడు ఐదేళ్లు, 70 దగ్గర మళ్లీ ఐదేళ్లు పొడిగింపులొచ్చాయి. 75 దాటినవారు బోర్డులో ఉండాలంటే ప్రత్యేక తీర్మానం కావాలని 2019 ఏప్రిల్‌ నుంచి సెబీ నిబంధన పెట్టింది, దాన్నీ దాటి 81 ఏళ్ల దాకా ఉన్నారు. అన్నీ చట్టబద్ధమే. కానీ ఆ మధ్యలో వారసులు కావాల్సిన వయసున్న సమర్థులు ఎందరో వరసగా రిటైరై వెళ్లిపోయారు.

సెలవుల కథకీ దీనికీ సంబంధముంది. 2016-17లో సెలవులకి బదులు తీసుకున్న నగదే 32 కోట్లు దాటింది. మీ వ్యాసం దాన్ని శ్రమకి కొలమానంగా చూపింది. మిగిలిన సెలవుకి విలువ కట్టేది ఆఖరి జీతం మీద. 1970లలో ఇంజినీరుగా వాడుకోని ఒక రోజు సెలవు, అప్పటి జీతంలో అయితే పదుల రూపాయలు, 2017లో ఛైర్మన్‌ జీతం మీద లెక్కిస్తే లక్షల్లోకి పోతుంది. సెలవులు పోగుపడటానికి ఏటా గరిష్ఠ పరిమితి పెట్టే కంపెనీల్లో ఇంత మొత్తం రాదు. పైగా పై అధికారి దశాబ్దాల తరబడి సెలవు పెట్టలేదంటే, ఆయన లేనప్పుడు పని నడిపే రెండో మనిషిని పరీక్షించే అవకాశమూ కంపెనీకి రాలేదనే కదా.

ఇక మన తెలుగువాళ్లకి దగ్గర విషయం సత్యం కంప్యూటర్స్‌. 2009 జనవరి 7న రామలింగరాజు గారు లెక్కల మోసం ఒప్పుకునే నాటికే ఎల్‌ అండ్‌ టీకి అందులో సుమారు 4 శాతం ఉంది. షేరు కుప్పకూలాక ఇంకా కొని 12 శాతానికి తెచ్చారు. ఆ కంపెనీని అమ్మడానికి పెట్టిన వేలంలో ఏప్రిల్‌ 13న సీల్డు కవర్లు తెరిస్తే షేరుకి టెక్‌ మహీంద్రా 58 రూపాయలు, ఎల్‌ అండ్‌ టీ 45.90, అమెరికా మదుపరి విల్బర్‌ రాస్‌ 20. పై ధరకి పది శాతం లోపు దూరంలో ఉన్నవారికే రెండో విడత పాట. అంటే కనీసం 52.20 వేసి ఉండాలి. చేతిలో 12 శాతం ఉన్నవాడికి మిగతావారి కంటే గట్టిగా వేలం పాడే వీలుంది, ఎందుకంటే ధర పెరిగితే తన పాత వాటా విలువా పెరుగుతుంది. అయినా తక్కువ వేశారు. అసలు లెక్కలు బయటికి రాని కంపెనీకి, అమెరికా కోర్టుల్లో దావాలు తేలని స్థితిలో, ఇంజినీరు బుర్ర జాగ్రత్త పడింది. పదేళ్ల తర్వాత ఐటీలో మళ్లీ పెద్ద అడుగు వేసినప్పుడు ఆ జాగ్రత్త కనపడదు.

2019 మార్చి 18న మైండ్‌ట్రీలో కాఫీ డే అధిపతి వీజీ సిద్ధార్థ గారి 20.32 శాతాన్ని షేరు 980 చొప్పున కొన్నారు. అదే ధరకి మార్కెట్లో 15 శాతం, ఓపెన్‌ ఆఫర్‌లో 31 శాతం అన్నారు. వ్యవస్థాపకుల దగ్గర ఉన్నది 13 శాతం పైచిలుకు. వాళ్లు ఎంత వద్దన్నా లాభం లేకపోయింది, కొద్ది నెలల్లో ఎల్‌ అండ్‌ టీ వాటా 60 శాతానికి చేరింది. 2022 నవంబరులో ఎల్‌ అండ్‌ టీ సొంత ఐటీ కంపెనీ ఎల్‌టీఐతో కలిపి ఎల్‌టీఐమైండ్‌ట్రీ అయింది. 2001లో గ్రాసిమ్‌ ఏ సందులోంచి వచ్చిందో సరిగ్గా ఆ సందులోంచే వీళ్లు వెళ్లారు: చెదిరిన వాటాలు, అమ్మడానికి సిద్ధంగా ఒక పెద్ద చెయ్యి. ఒక్క తేడా ఉంది. మైండ్‌ట్రీకి ఉద్యోగుల ట్రస్టు లేదు. పైగా ధర విషయంలో గ్రాసిమ్‌ చేసిన తప్పు వీళ్లు చెయ్యలేదు, పెద్దవాటాదారుకీ చిన్నవాటాదారుకీ ఒకటే 980. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

మైండ్‌ట్రీ కొనుగోలుకి రెండు నెలల ముందే సెబీ ఎల్‌ అండ్‌ టీకి ఒక చురక వేసింది. 9,000 కోట్లతో షేరు 1,475 చొప్పున సొంత షేర్లు తిరిగి కొంటామంటే, అనుబంధ సంస్థల అప్పులన్నీ కలిపి చూస్తే అప్పు సొంత నిధులకి రెండు రెట్లు దాటుతుందని అనుమతి ఇవ్వలేదు. ఆ అప్పుల్లో ఒక భాగం మన హైదరాబాదులో ఉంది.

హైదరాబాద్‌ మెట్రో మొదట 2008లో సత్యం రామలింగరాజు గారి కుటుంబానికి చెందిన మేటాస్‌ బృందానికి దక్కింది. ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోకపోగా తామే 30,311 కోట్లు ఇస్తామన్న పాట అది. సత్యం కూలాక 2009లో రద్దయింది. 2010లో రెండోసారి పిలిచినప్పుడు ఎల్‌ అండ్‌ టీ 1,458 కోట్ల సర్కారు సాయం అడిగి గెలిచింది, సెప్టెంబరులో ఒప్పందం. అంచనా వ్యయం 12,132 కోట్లు, అంటే అడిగింది 12 శాతమే. కేంద్రం, రాష్ట్రం కలిసి 40 శాతం దాకా ఇచ్చే వీలున్న పథకంలో ఇంత తక్కువ అడగడం దుస్సాహసం. ఛార్జీలతో పాటు స్టేషన్లు, డిపోల దగ్గరి స్థలాల్లో కట్టే మాల్స్‌, ఆఫీసుల అద్దెలు లోటు పూడుస్తాయని లెక్క. స్థలాల అప్పగింత ఆలస్యమైంది, సుల్తాన్‌బజార్‌, అసెంబ్లీ, పాతబస్తీల దగ్గర మార్గం మీద తగాదాలు నడిచాయి, రాష్ట్రమే రెండయింది. 2017 నవంబరులో మొదటి 30 కిలోమీటర్లు, 2020 ఫిబ్రవరికి 69. ఇంకో నెలకి లాక్‌డౌన్‌ వచ్చి సెప్టెంబరు 7 దాకా రైళ్లు నిలిచిపోయాయి.

అప్పు సుమారు 13,000 కోట్లు. వడ్డీ 8 శాతం అనుకున్నా ఏడాదికి 1,040 కోట్లు. రోజుకి 5 లక్షల మంది ఎక్కి, తలకి సగటున 40 రూపాయలిచ్చినా వచ్చేది 730 కోట్లు. కరెంటు, జీతాలు, నిర్వహణ ఇంకా లెక్కలోకి రానేలేదు. 2025 మేలో ఛార్జీలు 12 నుంచి 75 రూపాయలకి పెంచి, గొడవ కాగానే 11 నుంచి 69కి దించారు. ఆ రూపాయీ ఆరు రూపాయల తేడాలతో తీరే లోటు కాదిది. అదే ఏడాది సెప్టెంబరులో, ఆ అప్పు తన మీద వేసుకుని కంపెనీ వాటాకి సుమారు 2,000 కోట్లిచ్చి మెట్రోని తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కాంట్రాక్టు తీసుకుని కట్టి అప్పగించడం ఎల్‌ అండ్‌ టీకి కొట్టిన పిండి. కట్టి, అప్పు మోసి, ముప్పై అయిదేళ్లు టికెట్లు అమ్మి రాబట్టుకోవడం వేరే వ్యాపారం. ఆ తేడా తెలుసుకోవడానికి నాయక్‌ గారి హయాంలో కట్టిన ఫీజు మెట్రో. ఆ బిల్లు ఇప్పుడు తెలంగాణ పన్నుదారు మీదకి వస్తోంది.

మీ వాణిజ్య విభాగానికి ఒక విన్నపం. మెట్రో బదిలీ వార్త రాసేటప్పుడు మొత్తం అప్పు అంకె ఒక్కటే వేయకండి. వడ్డీ రేటెంత, అసలు తీర్చాల్సిన గడువు ఏ ఏడాదికి, స్థలాల అభివృద్ధి హక్కులు ఎవరి దగ్గర ఉంటాయి అన్న మూడూ అడిగి వేయండి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. మాల్స్‌ అద్దె ఎవరికి పోతుందన్న దాన్ని బట్టి ఆ 2,000 కోట్లు చవకో ఖరీదో తేలుతుంది.

ఇట్లు,
ఒక వాటాదారు,
విజయవాడ